ఇరవై పౌండ్ల ఏడు ఔన్సులు

మే 4, ఆదివారం

తుపాకీకి భుజాన ఆనే పాత కర్ర మడమ విప్పేసి, దాన్ని అల్యూమినియం చట్రంలో కూర్చోబెట్టాను. పార్సిళ్ళ త్రాసు మీద పెడితే పదమూడు పౌండ్ల రెండు ఔన్సులు. ఈ పుస్తకంలో ఇకమీదట తూకాలు, తగిలిన గుండ్ల లెక్కలు మాత్రమే రాస్తాను. ధరలు రాయను. అవి నా భార్య ఆర్లిస్ రాసే ఖర్చుల పుస్తకంలో ఎలాగూ ఉంటాయి.

చట్రంలో గొప్పతనం ఏమిటంటే ఏ భాగమైనా విప్పి వేరేది బిగించుకోవచ్చు. కర్రకు ఆ సౌకర్యం లేదు. కర్రతో ఇరవై రెండేళ్ళు కాల్చాను. అప్పుడు గురి తప్పితే తప్పు కాల్చినవాడిది. ఇప్పుడు భాగం మార్చి చూడవచ్చు.

కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళమని ఆర్లిస్ మళ్ళీ అంది. తుపాకీ సంగతి మాట్లాడుతుంటే మధ్యలో కంటి సంగతి ఎందుకో.

మే 10, శనివారం

ఓరిన్ పచ్చిక బయలులో సాధన. ఓరిన్ ఆర్లిస్‌కు తమ్ముడు. పశువులు పెంచుతాడు. సెప్టెంబరు 13న జరిగే జంటల పోటీలో పద్నాలుగేళ్ళుగా మేమిద్దరం జంట. ఉక్కు పలకలు గొలుసులకు వేలాడతాయి. ఒకటి ఆరు వందల గజాల్లో, ఒకటి ఏడు వందల గజాల్లో. తుపాకీ మడమ కింద ఇసక సంచి పెట్టుకుని నేను పడుకుని కాలుస్తాను. ఓరిన్ పక్కన పడుకుని దుర్భిణిలో చూసి తగిలిందీ లేనిదీ చెబుతాడు. పలక మోగినా నాకు వినపడదు. బయలులో గాలి హోరు, చెవులకు మూతలు, పైగా ధాన్యం గిడ్డంగి మోటార్ల పక్కన ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన చెవులు. ఓరిన్ మాటే నా లెక్క.

ఆరు వందల గజాలు. పది గుండ్లు. తగిలినవి ఆరు.

పలకలకు తెల్లరంగు కొట్టడం ఓరిన్ పని. గుండు తగిలిన చోట రంగు రాలి బూడిదరంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చలు మూసేస్తేనే మళ్ళీసారి కొత్తవి తెలుస్తాయి. నా మోకాలి నొప్పి సంగతి తెలిసి ఓరిన్ నన్ను అంత దూరం రానివ్వడు.

మే 11

గురి చూసే స్కోపు అద్దం మూడుసార్లు తుడిచాను.

మే 24, శనివారం

చెంప ఆనించే దిండు వచ్చింది. పాతది ఎత్తు పెరగదు, తగ్గదు. కొత్తదానికి రెండు వైపులా మరలు ఉన్నాయి, వెంట్రుకవాసి చొప్పున లేపుకోవచ్చు. స్కోపులో మసకకు అసలు కారణం తల ఎత్తు కుదరకపోవడమేనని నా అంచనా. ఇసక రంగుది తెప్పించాను. చట్రానికి సరిగ్గా కలిసింది. ఆరు ఔన్సులు. మొత్తం పదమూడు పౌండ్ల ఎనిమిది.

"కలిసిందా?" అంది ఆర్లిస్, కాఫీ కప్పు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి.

"కలవలేదా మరి?"

"నీకు కలిస్తే నాకూ కలిసినట్టే."

పదికి ఏడు తగిలాయి. దిండు వల్ల ఒకటి పెరిగింది.

మే 29

చిన్న రసమట్టం. తాపీవాళ్ళు గోడ మీద పెట్టేదానికి బిడ్డలా ఉంటుంది. తుపాకీ పక్కకు వాలిందో లేదో బుడగ చెబుతుంది. ఒక ఔన్సు. పదమూడు పౌండ్ల తొమ్మిది. బుడగ సరిగ్గా కనబడటం లేదు. తయారీలోనే లోపం అయ్యుంటుంది. ఓరిన్ మాత్రం తన కంటికి బాగానే కనబడుతోందన్నాడు. ఓరిన్ ఎవరినీ నొప్పించడు.

జూన్ 7, శనివారం

రెండు కాళ్ళ స్టాండు మార్చాను. పాతదానికి కాళ్ళు వణుకుతున్నాయి. ఒక పౌండు ఒక ఔన్సు ఎక్కువ. పద్నాలుగు పౌండ్ల పది. ఆరు వందల గజాల్లో పదికి ఎనిమిది!

ఓరిన్‌కు కొత్త తెల్లరంగు స్ప్రే డబ్బా కొనిచ్చాను. ఇంత బాగా తగులుతుంటే పాతది ఎన్నాళ్ళు వస్తుంది.

జూన్ 14, శనివారం

పక్క కౌంటీలో ఒంటరి పోటీ. తగిలిందీ లేనిదీ అక్కడ క్లబ్బు అధికారులు ఇద్దరు దుర్భిణిలో చూసి చెబుతారు. అరవై గుండ్లకు పదకొండు.

వాళ్ళ దుర్భిణి నాసిరకం. తిరిగి వస్తూ బండిలో ఆ మాటే ఓరిన్‌తో అన్నాను.

"అయ్యుండొచ్చు బావా," అన్నాడు.

తర్వాత నలభై మైళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అటు చూడటానికి ఏమీ లేదు. గోధుమ, గోధుమ, గోధుమ.

జూన్ 21, శనివారం

బరువు చాలకే పోటీలో తుపాకీ ఎగిరిందని నిర్ణయానికి వచ్చాను. చట్రం ముందు భాగంలో బిగించే ఉక్కు బిళ్ళలు తెప్పించాను. మూడు పౌండ్ల నాలుగు ఔన్సులు. మొత్తం పదిహేడు పౌండ్ల పద్నాలుగు. ఇసక సంచిలో కూడా పాత ఇసక తీసేసి బరువైన ఇసక పోశాను.

బండిలోంచి దించుతుంటే ఓరిన్ ఒక చెయ్యి వేశాడు.

"బావా, దీంతోపాటు ఒక గాడిదను కూడా అమ్ముతారేమో కనుక్కోలేకపోయావా?"

"నువ్వున్నావుగా."

"నేను అద్దె గాడిదని. పోటీ రోజున రేటు పెంచుతా."

పదికి ఎనిమిది. నిలకడ వచ్చింది.

జూలై 4

ఈ ఏడాది స్వాతంత్ర్య దినం బాణసంచా నాసిరకం. అన్నీ చెదిరిపోయినట్టున్నాయి. ఆర్లిస్ పక్కనుంచి "ఎంత బాగుందో!" అంటూనే ఉంది.

జూలై 9

గిడ్డంగిలో లారీలు తూచే నా త్రాసు గదిలో బల్బు తీసి ఇంకా వెలుగుది పెట్టాను. నెల రోజుల్లో ఇది రెండోది. గిడ్డంగి మేనేజరు ప్రూయిట్ లోపలికి వచ్చి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటి వెర్లిన్, ఇక్కడ గోధుమలు తూస్తున్నావా, ఆపరేషన్లు చేస్తున్నావా?"

మనిషి సరదాగా అన్నాడు. నాకు సరదాగా లేదు.

జూలై 12, శనివారం

కొత్త స్కోపు. ముందరి అద్దం పెద్దది, వెలుగు ఎక్కువ లాగుతుంది. పదకొండు ఔన్సులు ఎక్కువ. పద్దెనిమిది పౌండ్ల తొమ్మిది.

ఆర్లిస్ బిల్లు చూసింది. కేకలు వేయలేదు. తీపి రొట్టెలో కూరడానికి రూబార్బ్ కాడలు కోస్తూ, తల ఎత్తకుండా అంది:

"పెళ్ళికి నాకు ఒక్క ఉంగరం పెట్టావు వెర్లిన్. దీనికి ఒళ్ళంతా నగలా?"

"అవి నగలు కావు. పనిముట్లు."

"కళ్ళజోడు కూడా పనిముట్టే. కళ్ళ డాక్టరు మైల్స్ సిటీలో ఉన్నాడు, చంద్రుడి మీద కాదు."

రెండు కళ్ళూ తెరిచి చూస్తే అన్నీ బాగానే కనబడుతున్నాయి. ఎడమ కన్ను మూస్తే కుడి కంటిలో కాస్త మసక. ఎడమ కన్ను మూసుకుని తిరిగే మనిషి ఎవడుంటాడు?

తుపాకీ కాల్చేటప్పుడు మూస్తాను. అది వేరే సంగతి. అందుకే కదా స్కోపు మార్చింది.

జూలై 19, శనివారం

పదికి తొమ్మిది. ఆరు వందల గజాల్లో! నలభై ఏళ్ళ వయసులో కూడా నాకు తొమ్మిది పడలేదు. నేను నవ్వానట. ఓరిన్ చెప్పాడు.

ఆగస్టు 2, శనివారం

కోతల హడావిడి. సాధన లేదు. ట్రిగ్గరు మాత్రం మార్చాను. తూకంలో తేడా లేదు.

ఆగస్టు 16, శనివారం

పొద్దుటినుంచి నలభై ఒక్క లారీలు. ఆఖరున లొరేన్ స్కార్. భర్త పోయాక ఎనిమిది వందల ఎకరాలు ఒక్కతే చేసుకుంటోంది. కిటికీ దగ్గర నిలబడి టోపీ నలిపేస్తోంది.

"గురువారం వాన పడింది వెర్లిన్. తడిసిపోయిందేమోనని గుండె గుబగుబలాడుతోంది. చెప్పెయ్, ఎంతైనా భరిస్తాను."

ప్రతి లారీలోంచి దోసెడు గింజలు తీసి తేమ కొలిచే యంత్రంలో పోస్తాను. అంకె చూసి చేత్తో రాస్తాను. పద్నాలుగు శాతం లోపు అయితే గాదెలోకి. దాటితే ఆరబెట్టే చోటికి.

"పదమూడు పాయింట్ మూడు," అన్నాను.

లొరేన్ యంత్రాన్ని ముద్దు పెట్టుకుంది. నన్ను కూడా పెట్టుకునేదే, అద్దం అడ్డం ఉంది. గింజలు ఆరో గాదెలో పోశారు.

మంచి రోజు. ఒక మనిషికి మంచి కబురు చెప్పాను.

ఆగస్టు 17

వాన నిజంగానే పడింది. గురువారం మా వాకిట్లో కూడా పడింది. అయినా యంత్రం అబద్ధం ఆడదు.

ఆగస్టు 23, శనివారం

ముందు బరువు ఎక్కువై తుపాకీ ముక్కు వాలుస్తోంది. మడమలో ఇంకో పౌండు పన్నెండు ఔన్సులు వేశాను. ఇరవై పౌండ్ల అయిదు. పిడి కూడా మార్చాను, అరచేతికి అచ్చు పోసినట్టుంది, అదే ఇసక రంగు. రెండు ఔన్సులు. ఇరవై పౌండ్ల ఏడు. ఇంత బరువుకు మడమ కింద ఇసక సంచి అణిగిపోతోంది. ఇంకా గట్టిది చూడాలి.

ఆరు వందల గజాల్లో పదికి తొమ్మిది. ఏడు వందల పలక మీద మొదటిసారి ప్రయత్నించాను. పదికి అయిదు.

మూడు వారాల్లో పోటీ. ఈ ఏడాది మనదే అన్నాను ఓరిన్‌తో.

"బావా," అన్నాడు. ఆగాడు. "గాలి పెరుగుతోంది, సర్దుకుందాం."

గాలి పెరగలేదు.

ఆగస్టు 30, శనివారం

ఆరు వందల గజాలు, పదికి ఏడు. ఏడు వందల గజాలు, పదికి అయిదు. ఓరిన్ చెప్పిన లెక్క.

అయ్యాక ఓరిన్‌కు ఫోన్ వచ్చింది. ఆవులు కంచె దాటి రోడ్డెక్కాయి. ట్రక్కు తీసుకుని పరుగెత్తాడు. పొలంలో తిరిగే నాలుగు చక్రాల బండి ఇక్కడే ఉంది. వేసవంతా అతనే రంగు కొట్టాడు, ఈ ఒక్కసారి నేను కొడదామనుకున్నాను. సాయం చేద్దామనే వెళ్ళాను.

బండి పెట్టెలోంచి రంగు డబ్బా చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్ళు తూకం వేసిన చెయ్యి ఇది. జూన్‌లో నేను కొనిచ్చిన డబ్బా. ఇప్పటికి మూడు డబ్బాలు ఖాళీ అయి ఉండాలి.

డబ్బా నిండుగా ఉంది.

ఆరు వందల పలక మీద రెండు మచ్చలు. అందులో ఒకటి అంచు గీసుకుపోయింది. ఏడు వందల పలక మీద ఏమీ లేదు. ఎప్పుడో కొట్టిన తెల్లరంగు కింది అంచున కన్నీటి బొట్టులా జారి గట్టిపడింది. ఆ బొట్టు కూడా చెక్కు చెదరలేదు. వేళ్ళతో పలకంతా తడిమి చూశాను. కొత్త పెళ్ళికూతురి బుగ్గలా నున్నగా ఉంది.

రంగు కొట్టలేదు. కొట్టడానికి ఏముంది.

ఓరిన్ తిరిగి వచ్చేటప్పటికి సామాను సర్దేశాను. ఆవుల గురించి మాట్లాడాడు. నేను విన్నాను. డబ్బా నా కోటు జేబులో పెట్టుకుని వచ్చాను. పార్సిళ్ళ త్రాసు మీద పెట్టాను. కొత్త డబ్బా పదహారు ఔన్సులు. ఇది పదిహేనుంపావు.

ఆగస్టు 31

ఎడమ కన్ను మూసుకుని ఈ పేజీ చదవడానికి ప్రయత్నించాను.

సెప్టెంబరు 1, సోమవారం

సెలవు. గిడ్డంగి మూసి ఉంది, తాళం నా దగ్గర ఉంది.

నిన్నటినుంచి లొరేన్ మాట చెవిలో తిరుగుతోంది. గురువారం వాన పడింది వెర్లిన్.

ఆరో గాదె పక్క తలుపు తీసి పొడుగాటి ఇనప ఊచ గింజల్లోకి దించాను. అరగంట కూర్చున్నాను. బయటికి లాగి కొస పట్టుకున్నాను. వెచ్చగా ఉంది, కోడి కిందనుంచి తీసిన గుడ్డులా.

తడిసిన గింజ గాదెలో పడితే ముందు వెచ్చబడుతుంది. తర్వాత ముక్కుతుంది. తర్వాత చుట్టూ ఉన్న మంచి గింజను కూడా తనలో కలుపుకుంటుంది. ఇది నేను పదిమంది కొత్తవాళ్ళకు నేర్పాను.

ప్రతి లారీలోంచి కాసిని గింజలు మూత బిగించిన డబ్బాలో దాచి ఉంచుతాం. లొరేన్ డబ్బా వెతికి తీశాను. ఇంటికి ఫోన్ చేసి ఆర్లిస్‌ను రమ్మన్నాను. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో ఆమె త్రాసు గదిలోకి రావడం ఇదే మొదలు. గింజలు యంత్రంలో పోశాను.

"అంకె నువ్వు చదువు," అన్నాను.

ఆర్లిస్ నా వైపు చూసింది. తర్వాత యంత్రం వైపు చూసింది.

"పద్దెనిమిది పాయింట్ ఒకటి. ఇది మంచిదా, చెడ్డదా?" అంది.

"చెడ్డది."

రెండు వారాల్లో డబ్బాలో కాస్త తగ్గి ఉంటుంది. ఆ రోజు యంత్రం మీద ఉన్నది పద్దెనిమిది పాయింట్ మూడు అయ్యుంటుంది. యంత్రం అబద్ధం ఆడలేదు, ఎనిమిదిని మూడుగా చదివింది నేను.

గిడ్డంగి పుస్తకంలో తప్పు పడితే చెరపకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టాలి, కింది అంకె కనబడుతూనే ఉండాలి. పైన సరైన అంకె రాసి, పక్కన మన పేరు పొడి అక్షరాలు, తేదీ వేయాలి. ప్రూయిట్ కంటే ముందున్న మేనేజరు నాకు నేర్పిన మొదటి పాఠం అది. 13.3 మీద గీత కొట్టాను. 18.1. వె.ఆ. ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేతిరాత మీద పడిన మొదటి గీత.

గీత తిన్నగా వచ్చింది. ఎడమ కంటితో చూస్తూ కొట్టాను.

సెప్టెంబరు 2

తెల్లారగానే ప్రూయిట్‌కు పుస్తకం చూపించాను. గాదె ఖాళీ చేయించాడు. నాలుగు వందల బుషెళ్ళు, అంటే దాదాపు పదకొండు టన్నులు, వెచ్చబడ్డాయి. మిగతాది దక్కింది.

"ఇంకో పది రోజులు ఆగితే మొత్తం పోయేది," అన్నాడు. "నువ్వే కనిపెట్టావు, నువ్వే చెప్పావు. కాబట్టి నీ ఉద్యోగం ఉంటుంది. కానీ డాక్టరు కాగితం తెచ్చేదాకా త్రాసు గదిలోకి రాకు వెర్లిన్. చీపురు తీసుకో."

తీసుకున్నాను.

సెప్టెంబరు 4

మైల్స్ సిటీ. డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. కుడి కంటిలో పొర పాలలా ఉందట. రెండేళ్ళనుంచి ఉండి ఉంటుందట.

"ఎడమ కంటిలో కూడా మొదలైంది," అంది.

"ఎడమది బాగానే ఉంది."

"కుడిది కూడా బాగానే ఉందని చెప్పి ఉంటారు, ఎవరికో."

పుస్తకానికి చెప్పాను. ఆమెతో అనలేదు.

నా ఎనిమిదో ఏట నాన్నకు కంటి ఆపరేషన్ జరిగింది. తలకు రెండు పక్కలా ఇసక సంచులు పెట్టి తొమ్మిది రోజులు కదలకుండా పడుకోబెట్టారు. అమ్మ చెంచాతో జావ పోసేది. పదో రోజు కట్టు విప్పారు. ఆ కన్ను పోయింది. మరుసటి ఏడు పొలం అమ్మేశాడు.

ఈ పుస్తకంలో ఇసక సంచి గురించి మూడుసార్లు రాశాను. వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఇది మాత్రం ఎక్కడా రాయలేదు.

24న ఆపరేషన్.

సెప్టెంబరు 6, శనివారం

ఓరిన్ వచ్చాడు. వంటింట్లో కూర్చున్నాడు. ఆర్లిస్ రూబార్బ్ తీపి రొట్టె ఒక ముక్క కోసి ముందు పెట్టి, తోటలో పని ఉన్నట్టు బయటికి వెళ్ళిపోయింది. నేను రంగు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను.

ఓరిన్ దాన్ని చూశాడు. ఫోర్కు కింద పెట్టాడు.

"తూచావా?"

"తూచాను."

"నువ్వు తూస్తావని నాకు తట్టనేలేదు చూడు. ఖాళీ చేసి పెట్టాల్సింది. రోడ్డు పక్క కంచె గుంజలకు కొట్టేసినా పోయేది."

"ఎప్పటినుంచి?"

"మేలో. మొదటిసారి పొరపాటే బావా, ఒట్టు. దుమ్ము లేచింది, తగిలిందనుకుని అరిచాను. నువ్వు చెంప ఎత్తి నా మొహంలోకి చూశావు. ఎలా చూశావో తెలుసా? మా కుక్క పిట్టను తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి చూస్తుందే, అలా. తర్వాత కొత్త దిండు బిగించుకొచ్చావు. తర్వాత రసమట్టం. ప్రతిసారీ అదే చూపు. ఏం చెప్పమంటావు? 'బావా, దిండు బాగుంది, నువ్వు బాలేవు' అని చెప్పమంటావా?"

"చెప్పాల్సింది."

"అక్క మార్చినుంచి చెబుతూనే ఉంది. విన్నావా?"

ఓరిన్ రొట్టె తిన్నాడు. ఇంకో ముక్క కూడా తిన్నాడు.

"లెక్కలు చెప్పు," అన్నాను. పుస్తకం తెరిచాను. "ఏ రోజు నిజంగా ఎన్ని? గీత కొట్టి సరిచేస్తాను."

"ఎవరికి గుర్తుంటుంది?"

"రాసుకోలేదా?"

"అబద్ధాలు రాసుకుంటారా బావా ఎవరైనా?"

గీతలు కొట్టాను. ఆరు, ఏడు, ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది, అయిదు. పైన రాయడానికి అంకెలు లేవు. ఖాళీగా వదిలేశాను. ఆగస్టు 30కి మాత్రం తెలుసు: రెండు, సున్నా.

సెప్టెంబరు 13

జంటల పోటీకి వెళ్ళలేదు. ఓరిన్ కూడా వెళ్ళలేదు. వేరే జంటను చూసుకోమన్నాను. "ఇరవై పౌండ్లు మోసే అలవాటు పడ్డాను, తేలికపాటి మనుషులతో కుదరదు," అన్నాడు.

సెప్టెంబరు 20

వెచ్చబడిన గోధుమలు ఓరిన్ మేతకు కొన్నాడు.

"నీ తప్పు మా ఆవులు తింటున్నాయి బావా. చాలా బాగుందంటున్నాయి."

ఓరిన్ మాట కాబట్టి వెళ్ళి స్వయంగా చూశాను. నిజంగానే తింటున్నాయి.

సెప్టెంబరు 24

పదకొండు నిమిషాలు.

ముందు నర్సును అడిగాను, ఇసక సంచులు ఎక్కడ పెడతారని.

"ఇసక సంచులా? దేనికండీ, వరద ఏమన్నా వస్తోందా?" అంది.

సెప్టెంబరు 25

కట్టు తీశారు.

ఇంటికి వచ్చి తుపాకీ పెట్టె తెరిచాను. చట్రం ఇసక రంగు. చెంపదిండు ఆకుపచ్చ. పిడి గులాబీ రంగుకు దగ్గర. స్టాండు కాళ్ళు ఇంకేదో రంగు, నాకు పేరు తెలియదు. ఎడమ కంటితో చూస్తే అన్నీ ఒకటే, పలచటి టీ రంగు. కుడి కంటితో చూస్తే చిలక.

"ఆర్లిస్! ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"నువ్వు కలిసిందన్నావు. పెద్ద మనసు చేసుకున్నాను." కాసేపు చూసి, "తీసెయ్యకు. ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది," అంది.

అక్టోబరు 6

డాక్టరు కాగితం ఇచ్చాను. ప్రూయిట్ త్రాసు గది తాళం ఇచ్చాడు. బల్బు తీసేసి మామూలుది పెట్టాను.

అక్టోబరు 11, శనివారం

నవంబరుదాకా తుపాకీ భుజానికి పెట్టకూడదని డాక్టరు చెప్పింది. ఓరిన్ తన కర్ర తుపాకీ ఇంట్లో వదిలి, నగలన్నీ పెట్టుకున్న నా తుపాకీని తానూ ఒకసారి కాల్చి చూస్తానన్నాడు. ఇరవై పౌండ్ల ఏడు ఔన్సులూ అతనే మోశాడు. నేను పక్కన పడుకుని దుర్భిణి పట్టుకున్నాను.

ఏడు వందల గజాల్లో పలక కనబడింది. గొలుసు కనబడింది. గొలుసులో లింకులు విడివిడిగా కనబడ్డాయి. తెల్లరంగు తెల్లగా ఉంది. కింది అంచున జారిన బొట్టు అలాగే ఉంది. ఇంతకాలం ఓరిన్ ఇదంతా చూస్తూ నాకు అబద్ధాలు చెప్పాడు. చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మొదటి గుండు తగిలింది. రెండోది పలకకు ఎడమగా దుమ్ము లేపింది. ఓరిన్ చెంప ఎత్తి నా మొహంలోకి చూశాడు.

"ఈ దిండు ఎత్తు నాకు కుదరలేదు బావా," అన్నాడు. "తగిలిందా?"

కుక్క, పిట్ట అని ఏదో అన్నాడే. అచ్చు అదే చూపు.

"తగిలింది," అన్నాను.

మూడోది, తగిలింది అన్నాను. నాలుగోది, తగిలింది అన్నాను. అయిదోది నిజంగా తగిలింది. దానికి కాస్త గట్టిగా అరిచాను.

ఓరిన్ రంగు డబ్బా కోసం లేవబోయాడు. భుజం పట్టుకుని కూర్చోబెట్టాను.

"ఇవాళ నేను."

"నీ మోకాలో?"

"మోకాలికి ఏం? బండి ఉందిగా."

వెళ్ళాను. రెండు మచ్చలు మూశాను. ఊరికే ఇంకాసేపు డబ్బా ఊపాను, దూరానికి కనబడేలా. తిరిగి వచ్చాను.

"ఎన్ని మచ్చలున్నాయి?" అన్నాడు ఓరిన్.

"అయిదు."

"అన్నీ కనబడ్డాయా?"

"స్పష్టంగా."

ఓరిన్ చాలాసేపు నా కుడి కంట్లోకి చూశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు.

"మొత్తానికి కన్ను బాగుపడింది బావా."

ఏడు వందల గజాలు. అయిదు గుండ్లు. తగిలినవి అయిదు.

అయిదు మీద గీత కొట్టాను. రెండు. వె.ఆ.